పొగాకు పన్నులో రోగి వాటా

మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువు బాలుడొకడు "ధూమపానము వలని నష్టములు" అను వ్యాసమును వ్రాసి నాకు చూపెను. మొదటి రెండు పుటలు అందరు పిల్లలును వ్రాయునట్టివే. ఊపిరితిత్తులు చెడును, ధనము వృథా యగును, దురలవాటు దూరముగా నుంచవలెను, ఇత్యాదులు. కాని చిట్టచివర, ఏ గైడు పుస్తకమునందును లేని వాక్యమొకటి వ్రాసినాడు. "ప్రభుత్వమువారు పొగాకు మీద పన్ను తీసికొనుచున్నారు గదా, ఆ పన్నులో జబ్బు పడినవారికి ఎంత వచ్చును?" అని. వ్యాసమునకు పదికి ఏడు మార్కులు వేసితిని. ప్రశ్నకు మాత్రము సమాధానము వ్రాయలేకపోతిని. తరువాత పిలిచి, "ఇది ఎవరు చెప్పిరిరా?" అని యడిగితిని. "ఎవరూ చెప్పలేదు మాస్టారూ, మా నాన్న బీడీ కట్ట కొన్నప్పుడు అనిపించింది" అన్నాడు.

ఆ బాలునికి ఈయవలసిన సమాధానమే ఈ వ్యాసము. ఇది పిల్లలకంటె వారి తల్లిదండ్రులు చదువవలసినదని నా కోరిక.

నా అభిప్రాయమును ముందే చెప్పివేయుదును. పొగాకు మీద ప్రభుత్వము వసూలు చేయు ప్రతి రూపాయిలోను ఒక నిర్ణీత భాగమును, ఆ పొగాకు వలన కలుగు వ్యాధులను గూర్చిన వైద్య పరిశోధనకై చట్టము ద్వారా ప్రత్యేకించి యుంచవలెను. ఆ ధనము మంత్రుల చేతిలో గాని, కంపెనీల చేతిలో గాని ఉండరాదు. విశ్వవిద్యాలయముల చేతిలోను, వైద్య కళాశాలల చేతిలోను ఉండవలెను. ఇది వినుటకు గాలిలో మేడవలె తోచవచ్చును. కాని ముప్పది యైదేండ్లకు పైగా ఒక దేశపు ఒక రాష్ట్రమున ఈ ఏర్పాటు నడచుచున్నది. అది ఎట్లు పుట్టినదో, ఏ దెబ్బలు తిన్నదో తెలిసికొన్నచో మనకు మేలు.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఒక వింత పద్ధతి కలదు. శాసనసభ చేయని చట్టమును పౌరులే సంతకములు సేకరించి ఎన్నికలలో ఓటునకు పెట్టవచ్చును. 1988 నవంబరులో అట్లు వచ్చినదే 99వ ప్రతిపాదన. అప్పటి వరకు సిగరెట్టు పెట్టె మీద రాష్ట్రపు పన్ను 10 సెంట్లు. దానికి మరి 25 సెంట్లు చేర్చి 35 చేయవలెననియు, ఆ చేర్చిన ధనమును ఎక్కడెక్కడ ఖర్చు చేయవలెనో చట్టములోనే వ్రాసి యుంచవలెననియు ఆ ప్రతిపాదన. పొగాకు కంపెనీలు దానిని ఓడించుటకు 2 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టినవి. అయినను ఓటర్లలో నూటికి 58 మంది అనుకూలముగా ఓటు వేసిరి. 1989 జనవరి 1వ తేదీ నుండి పన్ను అమలులోనికి వచ్చెను.

ఆ పంపకమును చూడుడు. ఆరోగ్య విద్యకు నూటికి 20, బీదల ఆసుపత్రి ఖర్చులకు 35, వైద్యుల సేవలకు 10, ఉద్యానవనములు, వన్యప్రాణులు మొదలగువానికి 5, ఇష్టానుసారము వాడుకొనుటకు 25. వ్యాధి పరిశోధనకు వచ్చినది 5 మాత్రమే. మా పదవ తరగతి పిల్లలు లెక్క వేసి చెప్పగలరు: 25 సెంట్లలో నూటికి 5 అనగా ఒకటింబావు సెంటు. పెట్టెకు ఒకటింబావు సెంటు! బిచ్చగాడు కూడ వంగి ఏరుకొనని నాణెము. ఆ చిల్లరతోనే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు పొగాకు సంబంధ వ్యాధుల పరిశోధనా కార్యక్రమమును నెలకొల్పిరి. ఊపిరితిత్తుల కాన్సరు, గుండెజబ్బు, ఆయాసపు జబ్బులు, నికోటిను మెదడును వశపరచుకొను విధము, ఇంటిలో ఒకరు త్రాగిన పొగ తక్కినవారికి చేయు కీడు, పిల్లలు ఈ అలవాటులో పడు తీరు, ఇవన్నియు అందు చేరినవి. ఎవరికి ధనమీయవలెనో శాసనసభ్యుడు చెప్పడు. దరఖాస్తులను తోటి శాస్త్రజ్ఞులు చదివి యోగ్యత నిర్ణయింతురు. ఈ పద్ధతిలో నాకు మిక్కిలి నచ్చినది ఇదియే.

కాని కథ ఇంతటితో సుఖాంతము కాలేదు. ధనమున్న చోటికి చేతులు వచ్చును. 1994లోను, 1995లోను కాలిఫోర్నియా శాసనసభ ఆరోగ్య విద్యకును, పరిశోధనకును కేటాయించిన ధనమును వేరు ఖర్చులకు మళ్ళించెను. బీదల వైద్యమునకే మళ్ళించుచున్నాము గదా అని వారి వాదన. వినుటకు అది ధర్మముగానే యుండును. కాని ఓటర్లు ఒక పనికని ఇచ్చిన ధనమును మరియొక పనికి వాడుటకు మీకు అధికారమెక్కడిది అని ఆరోగ్య సంఘములవారు న్యాయస్థానమునకు పోయిరి, గెలిచిరి. ఇందు మనము గ్రహించవలసినది, కేటాయింపు కాగితము మీద వ్రాసినంత మాత్రమున చాలదు. దానిని కాపాడుటకు కోర్టు మెట్లెక్కువారు కూడ కావలెను.

మరియొక చిక్కు వచ్చెను. పన్ను పెరిగినకొలది, ప్రచారము సాగినకొలది జనము పొగ త్రాగుట తగ్గెను. పొగ తగ్గినకొలది పన్ను ధనము తగ్గెను. దానితో పరిశోధన ధనమును తగ్గెను. తన పని సఫలమైనకొలది తన జీతము తగ్గు ఉద్యోగము లోకమున ఇదియొక్కటే కాబోలు. 2012లో పెట్టెకు మరియొక డాలరు పన్ను వేసి, అందు ముఖ్యభాగమును కాన్సరు మొదలగు వ్యాధుల పరిశోధనకు ఇత్తుమని 29వ ప్రతిపాదన వచ్చెను. కంపెనీలవారు మరల ధనమును వరదవలె పారించిరి. ప్రతిపాదన వెంట్రుకవాసిలో ఓడిపోయెను. కాదన్నవారు నూటికి 50.3, ఔనన్నవారు 49.7. అయినను వారు విసుగు చెందలేదు. 2016లో 56వ ప్రతిపాదన తెచ్చి, పెట్టెకు 2 డాలర్ల పన్నును ఒక్కసారిగా చేర్చిరి. 87 సెంట్లుగా నున్న పన్ను 2017 ఏప్రిల్ 1 నుండి 2 డాలర్ల 87 సెంట్లాయెను. అందును పరిశోధనకు వాటా ఉన్నది.

ఫ్లోరిడా రాష్ట్రము వేరొక త్రోవ త్రొక్కెను. పొగాకు రోగుల వైద్యమునకు మేము పెట్టిన ఖర్చు మీరే ఈయవలెనని కంపెనీల మీద దావా వేసి, 1997లో 11.3 బిలియను డాలర్లకు, అనగా వెయ్యిన్ని నూట ముప్పది కోట్ల డాలర్లకు, రాజీ కుదుర్చుకొనెను. ఆ ధనములో నుండి వైద్య పరిశోధనకు ఒక కార్యక్రమము ఏర్పడినది. అచ్చటి సెనేటు అధ్యక్షుడు జిం కింగ్ తల్లిదండ్రులు పొగాకు వ్యాధులతో పోయినవారు. వారి పేరే దానికి పెట్టిరి. చట్టసభలో కూర్చున్నవాని ఇంటిలో దీపమారినప్పుడే చట్టములకు కదలిక వచ్చుట అన్ని దేశములందును ఉన్నదే.

ప్రభుత్వమే ఎందుకు, కంపెనీలే పరిశోధనకు ధనమీయరాదా అని కొందరడుగుదురు. ఇచ్చిరి. అదియే పెద్ద కథ. 1950లో ఇంగ్లండున డాల్, హిల్ అను ఇరువురు ప్రజాధనముతో నడచు వైద్య పరిశోధనా మండలి ప్రాపున, ఊపిరితిత్తుల కాన్సరు రోగులను ఇతర రోగులతో పోల్చి, సిగరెట్టునకు ఆ వ్యాధికి గల సంబంధమును బయటపెట్టిరి. 1954 జనవరిలో అమెరికా సిగరెట్టు కంపెనీలు 400కు పైగా పత్రికలలో ఒక ప్రకటన వేయించినవి. ప్రజల ఆరోగ్యమే మాకు సర్వస్వము, నిజమును తేల్చుటకు మేమే పరిశోధనా సంఘమును పెట్టి ధనమిత్తుము అని. అది మొదలు నలుబదేండ్లకు పైగా ఆ సంఘము పేరు మార్చుకొని నడచినది. ఏ నిజము తేల్చెను? "ఇంకను రుజువు కాలేదు" అని చెప్పుటకే ఆ ధనము ఉపయోగపడెను. 1998లో 46 రాష్ట్రములతో జరిగిన రాజీలో ఆ సంఘమును మూసివేయవలసి వచ్చెను. 2006లో వాషింగ్టను న్యాయాధిపతి గ్లాడిస్ కెస్లర్, ఈ కంపెనీలు దశాబ్దముల తరబడి ప్రజలను మోసగించినవని విస్తృతమైన తీర్పు వ్రాసిరి. దొంగ చేతికి తాళమిచ్చి ఇల్లు కాపాడుమన్నట్లు అని మన పెద్దలు చెప్పునది ఇట్టివానికే.

ఇక మన యింటికి వత్తము.

నేను తెలుగు పండిత శిక్షణ పొందినది రాజమహేంద్రవరమున. అచ్చట కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ అను పేరుతో 1947లోనే ఒక గొప్ప సంస్థ వెలసినది. స్వాతంత్ర్యము వచ్చిన సంవత్సరమే మన దేశము పొగాకు మొక్కకు పరిశోధనాలయము కట్టించెనన్నమాట. తరువాత 1976 నుండి గుంటూరున పొగాకు బోర్డు పనిచేయుచున్నది. నేను ఈ సంస్థలను నిందించుటలేదు. రైతు బ్రతుకవలెను, పంట పండవలెను, అప్పు తీరవలెను. మా చుట్టములలోనే పొగాకు సాగుచేసి పిల్లలను చదివించినవారున్నారు. కాని బస్సులో ఆ దారిని పోవునపుడెల్ల నాకు ఒక ఆలోచన వచ్చెడిది. ఆకునకు పట్టు తెగులును గూర్చి ఇంత శ్రద్ధ వహించిన మనము, ఆ ఆకు మనిషికి పట్టించు తెగులును గూర్చి ఎంత వహించితిమి?

అసలు ఏమియు చేయలేదనుట అన్యాయము. శ్రీకాకుళము జిల్లాలోను, మన గంజాము వైపునను, సముద్రతీరపు పల్లెలలో అడ్డపొగ అను అలవాటు ఉండుట మన పాఠకులకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. చుట్ట కాలుచున్న కొసను నోటిలోనికి త్రిప్పుకొని పీల్చుట. ముఖ్యముగా ఆడువారిలో, ముసలివారిలో ఇది హెచ్చు. నోటిలోని గాలి వేడి 120 డిగ్రీల వరకు పోవునని కొలిచినవారు కలరు. ఆ వేడికి అంగిలి తెల్లబారి, పొక్కి, కొందరిలో పుండై, కాన్సరగును. ప్రపంచమున నోటి కాన్సరులు చాల చోట్ల ఉన్నవి గాని, అంగిలి కాన్సరు ఇంత హెచ్చుగా నుండు చోట్లు అరుదు. విశాఖపట్టణపు వైద్యులు దీనిని గూర్చి శాస్త్ర పత్రికలలో వ్రాసిరి. 1960ల చివర బొంబాయి టాటా ఫండమెంటల్ పరిశోధనా సంస్థలోని దంత పరిశోధకులు, ఫాలి మెహతా, కోపెన్‌హేగను నుండి వచ్చిన పిండ్‌బోర్గ్, ప్రకాశ్ గుప్త మొదలగువారు అయిదు జిల్లాల పల్లెలలో ఇంటింటికి తిరిగి 50,915 మంది నోళ్ళు చూచిరి. ఆ అయిదింటిలో శ్రీకాకుళ మొకటి. అచ్చట చూచిన పదివేల మందిలో నూటికి నలుబదిమందికి పైగా అడ్డపొగ త్రాగువారే. తరువాత ఎర్నాకులము, భావనగరము, శ్రీకాకుళము జిల్లాలలో 36,000 మంది పొగాకు అలవాటు గలవారిని ఎంచుకొని, ఏటేట నోరు చూచుచు, మానుమని ఒక్కొక్కరికి నచ్చజెప్పుచు వచ్చిరి. మానినవారు పెరిగిరి, నోటిలో తెల్లమచ్చలు క్రొత్తగా పుట్టుట తగ్గెను. కాన్సరు రాకముందే ఆపవచ్చునని పల్లెటూరి జనముతో నిరూపించిన పని యిది. 1986లో లాన్సెట్ పత్రిక దానిని ప్రకటించెను.

ఆ పనికి ధనమెవరిచ్చిరి? అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలవారు. అదియు పి.ఎల్. 480 నిధి నుండి. ఆ రోజులలో అమెరికా మన దేశమునకు గోధుమలు పంపి, వెలను రూపాయలలో తీసికొని, ఆ రూపాయలను ఇచ్చటనే ఖర్చు పెట్టెడిది. శ్రీకాకుళపు అవ్వల అంగిలిని చూచుటకు అమెరికా గోధుమ రూపాయలు రావలసి వచ్చెను! మన పొగాకు మీద మన ప్రభుత్వము తీసికొను సుంకము అప్పుడును ఉండెను. గోధుమల అప్పు తీరినది, ఆ నిధి పోయినది. పరాయివాని సంచిలోని ధనమునకు పరాయివాని ఆయుర్దాయమే గదా.

మన దేశమున పన్నును ఒక పనికి ముడివేయుట కుదరదని చెప్పువారున్నారు. కుదరకపోవుట యెక్కడ? 1976లో చట్టము చేసి బీడీల మీద సెస్సు వేసి, దానితో బీడీ కార్మికులకు దవాఖానాలు నడిపిరి, వారి పిల్లలకు ఉపకార వేతనము లిచ్చిరి. మా పాఠశాల నుండి పోయినవారిలో ఆ ఉపకార వేతనముతో చదివినవారున్నారు. 2017లో జి.ఎస్.టి. వచ్చినపుడు ఆ సెస్సు రద్దయినది. ఇంకొకటి చెప్పెదను, వినుడు. 2001లో కేంద్ర ప్రభుత్వము సిగరెట్లు, నమలు పొగాకు మొదలగువానిపై జాతీయ విపత్తుల సుంకమని ఒకటి వేసెను. వరదలు, తుఫానులు వచ్చినపుడు సహాయమునకు ఆ ధనము. 2013 అక్టోబరులో ఫైలిను తుఫాను గోపాలపురము వద్ద తీరము దాటిన రాత్రిని మన ప్రాంతమువారు మరువలేరు. కావున ఆ నిధిని నేను తప్పుపట్టను. కాని పొగాకునకు తుఫానునకు ఏమి చుట్టరికము? పొగాకు సుంకమును తుఫానుకు ముడివేయవచ్చును గాని, పొగాకు వలన వచ్చిన పుండునకు ముడివేయరాదా?

ఖర్చు లెక్కకు వచ్చినను అంతే. 2017-18 సంవత్సరమునకు మన దేశములో పొగాకు వ్యాధుల వలన కలిగిన ఆర్థిక నష్టము, వైద్యము, పని పోవుట, అకాల మరణము అన్నియు కలిపి, 1,77,341 కోట్ల రూపాయలని పరిశోధకులు లెక్కగట్టిరి. అంతకుముందటి సంవత్సరము పొగాకు మీద వచ్చిన ఎక్సైజు ఆదాయము దానిలో నూటికి 12 పాళ్ళు మాత్రమే. పొగాకు వలన ఖజానా నిండునను మాట ఎంత డొల్లయో ఈ రెండు అంకెలు ప్రక్కప్రక్కన పెట్టిన తెలియును.

"కారణము తెలిసినదే గదా, పొగాకు చెడ్డది, మానవలెను, ఇంక పరిశోధించుట కేమున్నది? ఆ ధనముతో మంచములు కొనుడు, మందులు కొనుడు" అని ఒక పెద్దమనిషి నాతో వాదించెను. ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. మన ఆసుపత్రులలో నేల మీద పడుకొన్న రోగులను చూచినవాడెవ్వడును దీనిని పరిహసింపడు. అయినను నా సమాధాన మిది. నోటిలోని తెల్లమచ్చలన్నియు కాన్సరు కావు. ఏది అగునో, ఏది కాదో ముందే తెలిసికొను చౌక పరీక్ష దొరికిన, మంచమెక్కవలసినవారే తగ్గుదురు. సిగరెట్టును గూర్చి తెలిసినదంతయు సిగరెట్టు త్రాగు దేశములవారు తమకొరకు కనిపెట్టినది. మన ఆడువారు ఉదయమున పండ్లకు, చిగుళ్ళకు రుద్దుకొను గుడాకు, పొగాకునకు బెల్లపు మడ్డి కలిపిన ముద్ద, కాలిఫోర్నియాలో లేదు. దానిని గూర్చి వారెందుకు పరిశోధింతురు? చేసిన మనమే చేయవలెను. 2016-17లో జరిగిన దేశవ్యాప్త గణనలో పదునైదేండ్లు దాటినవారిలో నూటికి 28.6 మందికి ఏదో ఒక రూపమున పొగాకు అలవాటు ఉండెను. మన ఒడిశాలో నూటికి 45.6 మందికి. అందును పొగ త్రాగువారికంటె నమలువారు, రుద్దుకొనువారే హెచ్చు. ఇంత పెద్ద రోగమును ఎదుట పెట్టుకొని, ఎవరో ఎక్కడనో వ్రాసిన పుస్తకమును చూచి వైద్యము చేయుట ఎంతకాలము?

ఇప్పుడు నాకు సిగ్గు కలిగించు విషయమొకటి చెప్పవలసి యున్నది.

మా అమ్మమ్మది ఇచ్ఛాపురము దాపున సముద్రపు ఒడ్డు పల్లె. ఆమె అడ్డపొగ త్రాగెడిది. చిన్నతనమున నేనే నిప్పు తెచ్చి చుట్ట ముట్టించి ఇచ్చెడివాడను. "నోరు కాలదా అమ్మమ్మా?" అంటే, "గాలికి ఆరిపోదురా, బూడిద నీ మీద పడదు. మంట లోపలుంటేనే చుట్టకి రుచి" అనెడిది. ఆమెకు ఒడియా రాదు. 1997లో, నాకు పదునేడవ యేట, అంగిలిలో పుండు మానలేదని నేనే ఆమెను ఒక ఆసుపత్రికి తీసికొనిపోతిని. వైద్యుడు యువకుడు, మర్యాదస్తుడు, తెలుగు రానివాడు. "పొగ త్రాగునా?" అని నన్ను అడిగెను. నేను తెలుగులో అడిగితిని. ఆమె, "లేదు బాబూ, నేను పొగ తాగను, చుట్ట కాలుస్తాను, అడ్డంగా" అనెను. ఆమె లెక్కలో పొగ త్రాగుట యనగా మగవారు సిగరెట్టు కాల్చుట. నేను వైద్యునితో "లేదు" అని మాత్రమే చెప్పితిని. కళాశాలలో చేరిన కుర్రవాడను. మా అమ్మమ్మ చుట్ట కాల్చునని చెప్పుటకు సిగ్గు పడితిని. అతడు కాగితము మీద లేదని వ్రాసికొని, పూతమందు ఇచ్చి పంపెను. అది ఏమి రోగమో తెలియు నాటికి ఎనిమిది నెలలు గడచినవి. ఆమె మరుసటి ఏడు పోయినది. చెప్పియున్నచో బ్రతికెడిదో లేదో నాకు తెలియదు. కాని ఆ కాగితములో అబద్ధము చేరినది నా నోటి నుండియే.

భాష మారిన చోట ప్రశ్న కూడ మారవలెను. మన పల్లెలలోని తెలుగు అవ్వను "ధూమపానము చేయుదువా?" అని అడిగిన లేదనియే చెప్పును. ఏ కొస నోటిలో పెట్టుకొందువని అడుగవలెను. గుడాకు రుద్దుదువా అని అడుగవలెను. మనుమడు ప్రక్కన లేనప్పుడు అడుగవలెను. చుట్ట తానే చుట్టుకొనువారికి పెట్టె లేదు. పెట్టె లేనిచో దాని మీద హెచ్చరిక బొమ్మయు లేదు. ఇట్టి జనమును గూర్చి తెలిసికొనుట దూరపు రాజధానిలో కూర్చున్నవారి వలన కాదు. బరంపురమున 1962 నుండి మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల యున్నది. అచ్చటికి ఒడియా, తెలుగు, కొండ భాషలు మాటలాడు రోగులు మూడు దిక్కుల నుండి వచ్చుచున్నారు. పొగాకు పన్నులో ఒక పైసా అచ్చటికి చేరి, తెలుగు వచ్చిన నలుగురు యువ వైద్యులు, నర్సులు ఏటేట ఈ పల్లెల నోళ్ళు చూచు ఏర్పాటు జరిగిన, పిండ్‌బోర్గ్ విడిచిన పనిని మన బిడ్డలే అందుకొందురు. అట్టి ఉద్యోగమునకు మన పాఠశాలలో చదివిన పిల్లవానికంటె తగినవాడెవడు? తెలుగు చదివిన ఏమి లాభమని నన్నడుగు తల్లిదండ్రులు దీనిని కొంచెమాలోచింతురు గాక.

క్రొత్త పన్ను వేయుమని నేను కోరుటలేదు. బీడీ కట్ట కొను కూలివాని మీద భారము పెంచుటకు నాకు మనసొప్పదు. అతడు ఇప్పటికే ఇచ్చుచున్నదానిలో అతని వాటా అతనికి చూపుమనుటయే. పొగాకు అమ్మకము మీద బ్రతుకు పరిశోధన, ఆ అమ్మకము ఆగవలెనని ఎట్లు కోరును అను సందేహము మాత్రము నాకును కలదు. దానికి నా వద్ద పూర్తి సమాధానము లేదు. నిధి తరుగునప్పుడు మామూలు బడ్జెటు నుండి పూరింపవలెనని చట్టములోనే వ్రాసికొనుట మేలని తోచుచున్నది.

ఈ విషయమై మన పార్లమెంటు సభ్యునికిని, శాసనసభ్యునికిని పంపుటకు మా తొమ్మిదవ తరగతివారు ఒక విన్నపము వ్రాసిరి. తెలుగున నేను దిద్దితిని, ఒడియాలో మా ఒడియా పండితులు దిద్దిరి. మొదటి వాక్యము ఆ బాలుని ప్రశ్నయే, దానిని మార్చలేదు. రెండు ప్రతులును ఉపాధ్యాయుల గదిలో బల్ల మీద ఉన్నవి. శనివారము మధ్యాహ్నము వరకు తల్లిదండ్రులు వచ్చి చదువుకొని సంతకము చేయవచ్చును. వ్రాయుట రానివారికి వేలిముద్రకు సిరాబిళ్ళ యుంచితిమి. అవ్వలను కూడ తీసికొని రండు.